బిల్లులో తడీ లేదు, పొడీ లేదు

పొద్దున్నే ఈల వినబడగానే మా వీధిలో గేట్లన్నీ ఒకేసారి తెరుచుకుంటాయి. ఆకుపచ్చ డబ్బాలో వంటింటి చెత్త, నీలం డబ్బాలో కాగితాలూ కవర్లూ. ఎర్ర డబ్బా సంగతి తర్వాత చెప్తాను. 2022 వేసవిలో ఒకరోజు ఫోన్ మాట్లాడుతూ గేటు దగ్గరే ఉండిపోయాను కాబట్టి చూశాను గానీ, లేకపోతే ఎప్పటికీ నా కంట పడేది కాదేమో. చెత్త బండి మీదున్న అక్క నా ఆకుపచ్చ డబ్బా అందుకుని బండిలో బోర్లించింది. తర్వాత నీలం డబ్బా అందుకుని, సరిగ్గా అదే చోట, ఆ చెత్త మీదే బోర్లించింది. ముందురోజు రాత్రి నేను కడిగి ఆరబెట్టిన పాల ప్యాకెట్లు వెళ్లి పులుసు ముక్కల మీద పడ్డాయి.

"ఏంటక్కా, రెండూ ఒకదాంట్లోనే పోస్తున్నావు?" అన్నాను. కాస్త గట్టిగానే అన్నాను.

ఆవిడ కోప్పడలేదు. బండి తొట్టి అంచు మీద అరచేత్తో కొట్టి చూపించింది. తొట్టికి రెండు పక్కలా మధ్యలో నిలువు గాడి ఉంది. ఆ గాడిలో ఉండాల్సిన రేకు లేదు. "అడ్డరేకు ఊడిపోయి మూణ్ణెల్లయిందమ్మా. మీరు వేరు చేసి ఇచ్చినా నేను వేరుగా ఎక్కడ పొయ్యను? నా నెత్తిన పోసుకోనా?" అంది. డ్రైవర్ హారన్ కొట్టాడు. బండి వెళ్లిపోయింది.

ఆ రేకు ముక్క కోసం పద్నాలుగు నెలలు తిరిగాను. మా ఆయన ఇప్పటికీ ఆ ఏడాదిని 'రేకు సంవత్సరం' అంటారు.

నేనొక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. వచ్చిన బిల్లుకీ దానికి జతపరిచిన కాగితాలకీ పొంతన కుదిరిందా లేదా అని చూడటమే ఇరవై ఏళ్లుగా నా పని. పోరాటాలూ ధర్నాలూ నాకు చేతకావు. కాగితం ఇస్తే మాత్రం చదువుతాను.

మొదట అందరూ చేసేదే చేశాను. ఫోన్‌లో యాప్ తెరిచి ఫిర్యాదు పెట్టాను, ఖాళీ గాడి ఫోటో కూడా జతచేశాను. రెండు రోజులకి 'మీ సమస్య పరిష్కరించబడింది' అని మెసేజ్ వచ్చింది. రుజువుగా ఒక ఫోటో పెట్టారు. శుభ్రంగా ఊడ్చిన రోడ్డు. ఆ రోడ్డు మా వీధిది కూడా కాదు. వార్డు సచివాలయానికి వెళ్తే అక్కడి శానిటేషన్ సెక్రటరీ ఇరవై ఆరేళ్ల కుర్రాడు, మంచివాడు, కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. "మేడమ్, నా చేతిలో ఉన్నది గేట్ల మీది స్టిక్కర్ల స్కానింగ్ పర్సెంటేజీ ఒక్కటే. బండి రిపేర్ ఏజెన్సీ వాళ్లది. వాళ్లు నా మాట వినరు" అన్నాడు. శానిటరీ ఇన్‌స్పెక్టర్‌ని అడిగితే బండ్లు పైనుంచి వచ్చిన పథకం కింద ఇచ్చారనీ, మున్సిపాలిటీ వాటిని నడిపిస్తుందంతేననీ అన్నారు. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ పెట్టాను. అది తిరిగి తిరిగి మళ్లీ ఆ ఇన్‌స్పెక్టర్ బల్ల మీదికే వచ్చింది. తనమీద వచ్చిన ఫిర్యాదుకి తనే విచారణాధికారి అన్నట్టు, ఆయనే దాని మీద 'సదరు అర్జీదారు తెలిపిన విషయం విచారించగా చెత్త సేకరణ సక్రమంగా జరుగుచున్నది' అని రాసి పంపేశారు.

ఆ వాక్యం చదివాకే నాకు పట్టుదల వచ్చింది. అప్పటిదాకా ఉన్నది ఉత్త విసుగు.

పథకం ఎవరిదైనా కావచ్చు, చెత్త ఎవరి బాధ్యతో రాజ్యాంగంలోనే రాసి ఉంది. 1992లో వచ్చిన 74వ సవరణతో చేర్చిన పన్నెండో షెడ్యూల్లో మున్సిపాలిటీలకు అప్పగించదగ్గ పనుల జాబితా ఉంది. అందులో ఆరోది ప్రజారోగ్యం, పారిశుద్ధ్యం, ఘన వ్యర్థాల నిర్వహణ. ఇక తడి, పొడి అని వేరు చేయడం ఎవరో సరదాకి పెట్టిన నియమం కాదు. బెంగళూరు దగ్గర ఉండే అల్మిత్రా పటేల్ అనే ఇంజినీరు 1996లో సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. ఆ కేసు నడుస్తుండగానే 2000లో మున్సిపల్ చెత్తకి దేశం మొత్తానికీ నిబంధనలు వచ్చాయి. వాటి స్థానంలో 2016 ఏప్రిల్ 8న కొత్త ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు వచ్చాయి. నేను తిరిగిన రోజుల్లో అమల్లో ఉన్నవి అవే. వాటి ప్రకారం ఇంట్లో మూడు రకాలుగా వేరు చేసి ఇవ్వడం మన బాధ్యత, వేరు చేసి ఇచ్చిన దాన్ని వేరుగానే తీసుకెళ్లడం స్థానిక సంస్థ బాధ్యత. నియమంలో మొదటి సగం గోడల మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాయించారు. రెండో సగం ఏ గోడ మీదా కనబడదు.

సమాచార హక్కు చట్టం కింద మొదటి దరఖాస్తు జులైలో పెట్టాను. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. 'బండికి అడ్డరేకు ఎందుకు లేదు? ఎవరు బాధ్యులు? ఎప్పటిలోగా బిగిస్తారు?' అని కోర్టులో లాయరు లాగా ప్రశ్నలు గుప్పించాను. ఇరవై ఎనిమిదో రోజున ఒక్క లైను జవాబు వచ్చింది. ప్రశ్నలకు కారణాలు చెప్పడం ఈ చట్టం పరిధిలోకి రాదట. ఒళ్లు మండింది గానీ, ఆలోచిస్తే వాళ్లన్నది తప్పు కాదు. ఆ చట్టం కింద మనం అడగగలిగింది వాళ్ల దగ్గర రికార్డుగా ఉన్న సమాచారాన్ని. 'ఎందుకు' అనేది ఏ ఫైల్లోనూ ఉండదు.

మా ఆఫీసులో ఆడిటర్ గారు వచ్చినప్పుడు ఏం చేస్తారో గుర్తు తెచ్చుకున్నాను. ఆయన ఎవర్నీ ఎందుకు అని అడగరు. "ఫలానా నెల వోచర్లు పట్రండి" అంటారు. నేనూ అదే చేశాను. రెండో దరఖాస్తులో ప్రశ్న గుర్తు ఒక్కటీ లేదు. చెత్త సేకరణ ఏజెన్సీతో చేసుకున్న అగ్రిమెంటు నకలు. మూడు నెలల బిల్లులు, వాటికి జతపరిచిన కాగితాలతో సహా. మా వార్డు బండి లాగ్ షీట్లు. డంపింగ్ యార్డు కాటా స్లిప్పులు. మా వీధి క్యూఆర్ స్కానింగ్ రిపోర్టు, టైముతో సహా. కిందటి ఏడాదికి కాలుష్య నియంత్రణ మండలికి పంపిన వార్షిక నివేదిక, ఫారం-4. ఏజెన్సీ మీద వేసిన జరిమానాల రిజిస్టరు. చెత్త పన్ను డీసీబీ, అంటే డిమాండు, కలెక్షను, బ్యాలెన్సు కూడా అడిగాను. అది వేరే పెద్ద కథ, ఇక్కడ చెప్పను. పది రూపాయల పోస్టల్ ఆర్డర్ జతచేసి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను.

ఫారం-4 గురించి ఒక మాట చెప్పాలి. 2016 నిబంధనల ప్రకారం ప్రతి మున్సిపాలిటీ ఏటా జూన్ 30 లోపు ఈ ఫారం నింపి కాలుష్య నియంత్రణ మండలికి పంపాల్సి ఉండేది. ఊళ్లో రోజూ ఎంత చెత్త వస్తోంది, ఎన్ని ఇళ్ల నుంచి తీసుకుంటున్నారు, వేరు చేస్తున్నారా, ఎంత ఎరువవుతోంది, ఎంత యార్డుకి పోతోంది, అన్నీ అందులో రాయాల్సి ఉండేది. అదే మున్సిపాలిటీ తన గురించి తను రాసుకునే ప్రోగ్రెస్ కార్డు. పిల్లాడే మార్కులు వేసుకుని, పిల్లాడే సంతకం పెట్టుకుని బడికి తీసుకెళ్లే ప్రోగ్రెస్ కార్డు.

ముప్పై రోజులు గడిచాయి. జవాబు లేదు. అలా గడువు దాటితే రెండు సంగతులు మనకి కలిసొస్తాయి. ఒకటి, మొదటి అప్పీలుకి వెళ్లొచ్చు. రెండు, ఏడో సెక్షన్ ఆరో ఉపసెక్షన్ ప్రకారం ఆ తర్వాత ఇచ్చే నకళ్లకి పేజీకి రెండు రూపాయలు కూడా అడక్కూడదు, ఉచితంగా ఇవ్వాలి. ఈ రెండోది చాలామందికి తెలియదు. అప్పీలు రాసేటప్పుడు ఆ సెక్షన్ నంబరు ఎర్ర సిరాతో రాశాను. అది కొంచెం అతిగానే అనిపించింది గానీ, రాశాను.

నవంబరులో విచారణకి పిలిచారు. విచారణ అంటే టెన్షన్ పడి చీర ఇస్త్రీ చేయించుకుని వెళ్లాను. తీరా అది కమిషనర్ గారి గదిలో పది నిమిషాల మాట. ఆయన ఫైలు చూసి, "ఇన్ని కాగితాలు జిరాక్స్ తీయాలంటే మా వాళ్లకి వారం పడుతుందమ్మా. మీరే వచ్చి చూసుకుని, కావాల్సినవి చెప్పండి, అవే ఇస్తాం" అన్నారు. నన్ను వదిలించుకోవడానికి అన్నారో, నిజంగానే అన్నారో తెలీదు. నాకు మాత్రం పాయసం గిన్నె ముందు పెట్టినట్టయింది. ఫైళ్లు నేరుగా చూసే హక్కు కూడా ఆ చట్టంలోనే ఉంది. నకళ్లు అడిగితే వాళ్లు ఏరి ఇచ్చినవే చేతికొస్తాయి. ఫైలు తెరిస్తే పక్క కాగితం కూడా కనబడుతుంది.

డిసెంబరులో రెండు రోజులు సెలవు పెట్టి వెళ్లాను. ఇంజినీరింగ్ సెక్షన్ వెనక చిన్న గది, కిటికీకి ఒక రెక్క లేదు. క్లర్కు గారు పాత బీరువాలోంచి మూడు కట్టలు తీసి దుమ్ము దులిపి బల్ల మీద పెట్టారు. "ఇవి చూడటానికి ఇంతవరకు ఎవరూ రాలేదండీ. ఆడిట్ వాళ్లు కూడా బిల్లు పేజీ చూసి టిక్కు పెట్టి పోతారు" అన్నారు. ఆయన మాటలో ఎగతాళి లేదు, కొంచెం ముచ్చటపడుతున్నట్టే ఉంది. మధ్యాహ్నం టీ కూడా తెప్పించారు.

అగ్రిమెంటు ముప్పై పేజీలు. పదో పేజీలో ఉంది, బండి తొట్టి తడి, పొడి చెత్తకు వేరువేరు అరలతో ఉండాలని. బాగానే ఉంది. డబ్బుల సంగతి ఎక్కడుందా అని చూస్తే ఇరవై రెండో పేజీ. నెలకి బండికి ఇంత అని అద్దె. బండి రాని రోజుకి ఇంత కోత. రోజుకి కనీసం ఇన్ని ట్రిప్పులు, తగ్గితే ట్రిప్పుకి ఇంత కోత. అంతే. పదో పేజీకీ ఇరవై రెండో పేజీకీ మధ్య ఎక్కడా చుట్టరికం లేదు. అరలు లేకపోతే ఏమవుతుంది? ఏమీ అవదు. రెండూ కలిపి పోస్తే పైసా కోత పడుతుందా? పడదు.

బిల్లు తీసి చూశాను. బండి నంబరు, రోజులు, ట్రిప్పులు, రేటు, మొత్తం. తడి అనే మాట లేదు, పొడి అనే మాట లేదు. ఊరంతా గోడల మీద రాయించిన ఆ రెండు మాటలూ డబ్బు చెల్లించే కాగితంలో ఒక్కచోట కూడా లేవు. నా ఉద్యోగంలో నేను నేర్చుకున్నదల్లా ఒకటే, ఏ పని బిల్లులో లేదో ఆ పని జరగదు. డ్రైవర్ని తిట్టి లాభం లేదు. అతనికి ట్రిప్పులు కావాలి. ప్రతి గేటు దగ్గరా రెండు డబ్బాలు రెండు అరల్లో పోయాలంటే టైము పడుతుంది, టైము పడితే ట్రిప్పు తగ్గుతుంది, ట్రిప్పు తగ్గితే కోత. అంటే ఆ అగ్రిమెంటు చెత్త కలపమని నోటితో చెప్పలేదు గానీ, కలిపినవాడికే నష్టం లేకుండా చూసింది.

జరిమానాల రిజిస్టరు కొత్తది, నీట్‌గా గీతలు గీసి ఉంది. మొదటి పేజీలో శీర్షికలు రాసి ఉన్నాయి. ఆ కింద ఏమీ లేదు.

స్కానింగ్ రిపోర్టు దగ్గర మాత్రం నవ్వొచ్చింది. మా వీధిలో నలభై ఒక్క ఇళ్లు. ప్రతి గేటుకీ క్యూఆర్ స్టిక్కర్ ఉంటుంది, చెత్త తీసుకోగానే ఫోన్‌తో స్కాన్ చేయాలి. నేను యాదృచ్ఛికంగా తీసిన ఒక రోజు పేజీలో నలభై ఒక్క ఇళ్లూ 6 గంటల 12 నిమిషాలకి మొదలై 6 గంటల 18 నిమిషాలకి అయిపోయాయి. ఆరు నిమిషాల్లో నలభై ఒకటి. అదే రోజు లాగ్ షీటు తీస్తే బండి షెడ్డులోంచి బయల్దేరిన టైము 6:40 అని ఉంది. బండి కదలకముందే మా వీధి చెత్తంతా తీసేసుకున్నారన్నమాట. రెండు కాగితాలూ ఒకే ఆఫీసులో, ఒకే బీరువాలో, పక్కపక్క కట్టల్లో ఉన్నాయి. రెండిటినీ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లే లేరు.

ఆ ఆరు నిమిషాల గుట్టు తర్వాత ఒకరోజు అక్కే చెప్పింది. సగం ఇళ్ల స్టిక్కర్లు వానకి తడిసి ఊడిపోయాయట, కొన్నిటి మీద ఇంటివాళ్లే రంగు వేసేశారట. స్కానింగ్ శాతం తగ్గితే మర్నాడు రివ్యూ మీటింగ్‌లో సెక్రటరీకి చీవాట్లు, ఆ తర్వాత వీళ్లకి. అందుకని ఊడకముందే అన్ని స్టిక్కర్లనీ ఫోటోలు తీసి పెట్టుకున్నారు. పొద్దున్నే షెడ్డులో కూర్చుని ఒక ఫోన్‌లో ఫోటోలు చూపిస్తూ ఇంకో ఫోన్‌తో స్కాన్ చేస్తారు. "నెలకోసారి జీతం పడితే చాలని చూసుకునేవాళ్లం, ఈ ఫోన్ల గొడవ మాకెందుకమ్మా" అంది. నిజానికి స్టిక్కర్ ఊడినా ఆవిడ ఏ ఒక్క ఇల్లూ వదిలేది కాదు, నాకు తెలుసు. చేస్తున్న పనికి లెక్క లేదు. లెక్కలో ఉన్నది వేరే పని.

ఇక ఫారం-4. ఊళ్లో దాదాపు అన్ని ఇళ్ల నుంచీ తడి, పొడి వేరుగానే సేకరిస్తున్నట్టు రాసి పంపారు. దాని కింద సంతకం, స్టాంపు. ఆ ఏడాది జూన్‌లో ఆ కాగితం పంపేటప్పటికి మా బండికి అడ్డరేకు లేదు.

జనవరిలో యార్డు కూడా చూశాను. సమాచార హక్కు అంటే కాగితాలే అనుకుంటారు గానీ, జరుగుతున్న పనిని వెళ్లి తనిఖీ చేసే హక్కు కూడా అందులో భాగమే. ఇన్‌స్పెక్టర్ గారు ముఖం మాడ్చుకుని తోడొచ్చారు. యార్డుకి ఒక పక్క పొడి చెత్త షెడ్డు, అందులో అట్టలూ ప్లాస్టిక్కూ నొక్కి బేళ్లు కట్టే మిషను. దాని మీద ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు. త్రీ ఫేజ్ కరెంటు కనెక్షన్ రాలేదట. షెడ్డులో ఒక మూల నాలుగైదు గోతాలు. వాటిలో ఉన్నవి మాత్రం చక్కగా వేరు చేసినవే, అట్టలు ఒకదాంట్లో, సీసాలు ఒకదాంట్లో, పాల ప్యాకెట్లు ఇంకోదాంట్లో. "ఇవి ఎవరు చేశారు?" అంటే, బండ్ల మీదుండే ఆడవాళ్లు దారిలోనే ఏరి పెట్టుకుని ఇక్కడ అమ్ముకుంటారని చెప్పారు. మా ఊళ్లో జరుగుతున్న రీసైక్లింగ్ మొత్తం అదే. అది ఏ నివేదికలోనూ లేదు, ఏ జీతంలోనూ లేదు. చెత్త ఏరుకునేవాళ్లని గుర్తించి ఈ వ్యవస్థలో కలుపుకోవాలని 2016 నిబంధనల్లోనే ఉంది.

ఎవరూ కొననిది చిప్స్ ప్యాకెట్ల రకం, లోపల వెండి రంగులో మెరిసే కవర్లు. వాటిని ఒక కుప్పగా పోశారు. రీసైకిల్ కాకపోయినా బాగా మండే గుణం ఉన్న చెత్తని, కిలోకి 1500 కిలోకేలరీలు దాటితే, యార్డులో పూడ్చకూడదని నియమం. సిమెంటు ఫ్యాక్టరీల్లాంటి చోటికి ఇంధనంగా పంపొచ్చు. కానీ పులుసుతో తడిసినదాన్ని ఫ్యాక్టరీ వాడు తీసుకోడు. మళ్లీ తిరిగి తిరిగి ఆ అడ్డరేకు దగ్గరికే వచ్చాం. ఆ గాలికి రెండ్రోజులు నాకు అన్నం సయించలేదు. అక్కడ పనిచేసేవాళ్లు ఆ షెడ్డులోనే క్యారియర్ విప్పుకుని తింటున్నారు.

ఇన్ని తప్పులు పట్టాక, నా వంతు కూడా ఒకసారి చూసుకోవాలనిపించింది. ఒక ఆదివారం అక్కతోపాటు బండి వెనకే వీధి మొత్తం నడిచాను. నలభై ఒక్క ఇళ్లలో సరిగ్గా వేరు చేసి ఇచ్చినవి పంతొమ్మిది. మిగతా వాళ్లలో సగం మంది, "ఎలాగూ కలిపేస్తారు కదండీ" అన్నారు. కాదనడానికి నాకు నోరు రాలేదు. పక్కింటి మాస్టారి నీలం డబ్బాలో కొబ్బరి చిప్పలు, ఆకులు. "పొడిగానే ఉన్నాయి కదమ్మా" అన్నారాయన. ఎర్ర డబ్బా అయితే ఒక్క గేటు దగ్గరా కనబడలేదు. డైపర్లు, శానిటరీ ప్యాడ్లు, బ్లేడ్లు, కాలం చెల్లిన మందుల కోసం ఇచ్చిన డబ్బా అది. ఒకరింట్లో బియ్యం పోసుకున్నారు, ఒకరింట్లో తులసి మొక్క. మా ఇంట్లో అది స్నానాల గదిలో మగ్గు పక్కన ఉంది. ఆ రోజే బయటికి తెచ్చాను. మా అమ్మాయి ఇంకా సణుగుతూనే ఉంది, "బకెట్ ఏదమ్మా" అని.

ఫిబ్రవరిలో కమిషనర్ గారికి ఒకే ఒక్క పేజీ ఉత్తరం రాశాను. అవినీతి, నిర్లక్ష్యం లాంటి మాటలు ఒక్కటీ రాయలేదు. స్కానింగ్ రిపోర్టు పేజీ, లాగ్ షీటు పేజీ పక్కపక్కన అంటించి పంపాను. కింద మూడు అడిగాను. బండ్లన్నిటికీ అడ్డరేకులు. లాగ్ షీటులో పొడి చెత్త బరువుకి వేరే గడి. రెండు అరలు లేని బండికి ఆ రోజు అద్దెలో కోత.

ఆయన పిలిపించారు. ఈసారి కూర్చోమన్నారు. "మొదటి రెండూ చేయిస్తాను. మూడోది ఇప్పుడు కుదరదమ్మా. అగ్రిమెంటులో లేని కోత పెడితే వాడు కోర్టుకి వెళ్తాడు, గెలుస్తాడు కూడా" అన్నారు. అందులో నిజం ఉంది. ఇరవై రెండో పేజీ నేనూ చదివాను కదా. "మరి గడువు పొడిగించేటప్పుడు?" అన్నాను. మార్చి ఆఖరుకి గడువు అయిపోతుందని నాకు తెలుసు, ఫైల్లో చూశాను. ఆయన ఒక క్షణం నన్ను చూసి నవ్వారు.

మార్చిలో కౌన్సిల్ సమావేశం అజెండాలో పొడిగింపు అంశం వచ్చింది. అంతకుముందే మా వార్డు కౌన్సిలర్ గారింటికి వెళ్లి, ఆ పేజీలు ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ మొదట్లో ఏమంత ఆసక్తి చూపలేదు గానీ, ఆరు నిమిషాల నలభై ఒక్క ఇళ్ల సంగతి విని పకపకా నవ్వి, "ఇది మాత్రం అడుగుతానమ్మా" అన్నారు. అడిగారట కూడా. కోత షరతు పొడిగింపు ఉత్తర్వులో చేరలేదు. 'పరిశీలించవలెను' అని మినిట్స్‌లో రాశారు. ఆ మినిట్స్ నకలు కూడా తెచ్చుకున్నాను.

అడ్డరేకు జులైలో వచ్చింది. పొద్దున ఈల వినబడి వెళ్లేసరికి అక్క బండి మీంచి వంగి కొత్త రేకుని పిడికిలితో ఠంగున కొట్టింది. "చూశారా అమ్మా, మీ రేకు!" అంది. వెల్డింగ్ మచ్చలు ఇంకా నల్లగానే ఉన్నాయి. నా పాల ప్యాకెట్లు మొదటిసారి అట్టల పక్కన పడ్డాయి. మా ఆయన కాఫీ గ్లాసుతో బయటికొచ్చి చప్పట్లు కొట్టారు. వెటకారమే అయినా, కొట్టారు.

ఆ తర్వాత 2024లో ప్రభుత్వం మారింది, చెత్త పన్ను ఎత్తేశారు, బండ్ల మీద రంగులు మారాయి. అదంతా అందరికీ తెలిసిందే. నేను చెప్పాలనుకున్నది అంతకుముందు, 2023 అక్టోబరులో జరిగింది. రేకు వచ్చి మూడు నెలలైంది కదా, కొత్త గడి ఎలా ఉందో చూద్దామని ఆఫీసుకి వెళ్లాను. అదే గది, అదే క్లర్కు గారు, కిటికీ రెక్క ఇంకా లేదు. ఈసారి దరఖాస్తు కూడా అడగలేదు, లాగ్ షీట్ల కట్ట తెచ్చి ముందు పెట్టారు. కొత్తగా అచ్చు వేయించిన షీట్లు. చివరి నుంచి రెండో గడి మీద 'పొడి చెత్త, కిలోలు' అని ఉంది. చూడగానే కళ్లు చెమర్చినంత పనైంది. వేలు పెట్టి కిందికి చదువుకుంటూ వెళ్లాను.

సెప్టెంబరు 1, 34 కిలోలు. సెప్టెంబరు 2, 34 కిలోలు. సెప్టెంబరు 3 ఆదివారం, 34 కిలోలు. వినాయక చవితి మర్నాడు వీధి వీధంతా థర్మాకోల్, అట్టపెట్టెలు గుట్టలు పడ్డాయి, ఆ రోజూ 34 కిలోలే. నెలాఖరు దాకా ఒకే చేతిరాత, ఒకే పెన్ను.

క్లర్కు గారు నా ముఖం చూసి, "టీ చెప్పమంటారా?" అన్నారు.

చెప్పమన్నాను. తాగి, దారిలో పోస్టాఫీసు దగ్గర ఆగి ఇంకో పది రూపాయల పోస్టల్ ఆర్డర్ తీసుకున్నాను.